ఫోనుకు చెప్పిన అబద్ధాలు

ఆ రోజు ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. భర్త కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళగానే బట్టలు ఆరేసి, పిల్లను పడుకోబెట్టి, దాని పక్కనే తానూ ఓ అరగంట నడుం వాల్చాలి. పది నెలలుగా వాయిదా పడుతున్న అరగంట అది. బట్టలు ఆరేయడం అయింది. పిల్ల కూడా నిద్రపోయింది. టైమెంతయిందో చూద్దామని ఫోను తీయడమే ఆమె చేసిన పొరపాటు.

"పది నెలలు నిండినా మీ పాపకు పళ్ళు రాలేదా?" అని తెర మీద ఒక ప్రకటన అడుగుతోంది. పక్కనే ఎవరి పిల్లో నాలుగు పళ్ళతో నవ్వుతోంది.

కోడలు చటుక్కున ఫోను బోర్లించింది. పళ్ళు రాలేదన్న దిగులు ఆమె ఈ లోకంలో ఒక్క మనిషికే చెప్పుకుంది. నిన్న వంటింట్లో, గిన్నెలు తోముతూ, అత్తగారికి. అత్తగారు గడప దాటి ఎవరితోనూ మాట్లాడే మనిషి కాదు. అయితే ఆ సమయంలో వంటింటి కిటికీ గట్టు మీద ఫోను ఉంది. ఆ ఇంట్లో సిగ్నల్ అక్కడ తప్ప ఇంకెక్కడా రాదు కాబట్టి అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త సంగతంతా విని తల పంకించాడు.

"అవి వింటాయే. మా కొట్టుకొచ్చే వాళ్ళందరూ అదే అంటున్నారు. ఆఫ్ చేసి పడేయ్."

"పిల్లకి ఏదన్నా అయితే డాక్టరుగారికి ఎలా ఫోన్ చేస్తానండీ?"

"అయితే దాని ముందు మాట్లాడకు."

"వంటింట్లో మాట్లాడకుండా అత్తయ్యా నేనూ ఎలా ఉంటాం?"

ఇది న్యాయమైన ప్రశ్నే కాబట్టి అతను మజ్జిగ తాగి లేచాడు. కోడలు మాత్రం అరగంట నిద్ర మానుకుని ఆలోచించి, ఒక ఉపాయం కనిపెట్టింది. ఫోను వింటే విననీ. దానికి ఒక్క నిజం కూడా దక్కకూడదు. ఇకనుంచి వంటింట్లో అందరూ అబద్ధాలే ఆడాలి. ఉన్నదాన్ని లేదనాలి, మంచిని చెడ్డ అనాలి. నిజం చెప్పక తప్పకపోతే స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి చెప్పుకోవాలి.

"నాకిద్దరు పెళ్ళాలని చెప్పనా?" అని తిరిగి కొట్టుకు బయలుదేరుతున్న భర్త హుషారుగా అడిగాడు.

"అలాంటివి వద్దు. మీకు చెప్పడానికి అబద్ధాలే కరువయ్యాయా?"

అత్తగారికి మాత్రం ఈ ఆట తెగ నచ్చింది. ఆ సాయంత్రం కూరలు తరుగుతూ ఆవిడే మొదలుపెట్టారు.

"అమ్మాయ్, మన ఏనుగుకి నీళ్ళు పెట్టావా?"

"పెట్టానత్తయ్యా. దాన్నింక అమ్మేద్దాం. మేపలేకపోతున్నాం."

"అమ్మేయ్ అమ్మేయ్. ఎలాగూ ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తున్నాం కదా."

"అవును. ఈ కొంపలో ఇంకొక్క నెల కూడా ఉండలేను."

"ఈ ఇంటావిడంత గయ్యాళిని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదమ్మా! మొహం చూస్తే అన్నం సహించదు."

ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఎందుకంటే ఆ ఇంటావిడ అంత మంచి మనిషి మరొకరు లేరు. పిల్ల రాత్రంతా ఏడుస్తోందని అంతకుముందు రెండిళ్ళ వాళ్ళు వీళ్ళను ఖాళీ చేయించారు. పై అంతస్తులో ఉండే ఈవిడ మాత్రం ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఈ ఇల్లు పోతే పసిపిల్లతో ఎక్కడికి పోవాలో కోడలికి తెలియదు.

ఇంటావిడ పూలకుండీలు సరిగ్గా వంటింటి కిటికీ కిందే ఉంటాయి. ఆవిడ ఏనుగు సంగతి కూడా విని ఉంటే అసలు గొడవే ఉండేది కాదు. కానీ నీళ్ళ డబ్బాతో ఆవిడ కిటికీ కిందికి వచ్చేసరికే ఏనుగు అమ్ముడుపోయింది.

మర్నాడు పొద్దున్నే పాల ప్యాకెట్టుకు వెళ్ళిన భర్త వట్టి చేతులతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమే, గేటుకి టులెట్ బోర్డు కట్టారు! కింది వాటా అని రాసుంది!"

"కింది వాటాలో ఉండేది మనమే కదండీ?"

"అందుకే పరుగెత్తుకొచ్చాను!"

ఇంతలో ఇంటావిడే లోపలికి వచ్చారు. వెనకాల చేతిసంచీతో ఒకతను. వీధి చివర బల్ల వేసుకుని ఫోన్లు బాగుచేస్తుంటాడు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం పెట్టుకుంటాడట. ఇంటావిడ ఎవరి మొహమూ చూడకుండా నేరుగా వంటింట్లోకి నడిచి, "ఇది వంటిల్లు. ఈ గయ్యాళి కట్టించిందే" అన్నారు.

కోడలు వాళ్ళ వెనకే పరుగెత్తింది.

"నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారట కదా పెద్దమ్మగారూ?" అని ఇంటావిడ అత్తగారిని అడిగారు.

అత్తగారు కిటికీ గట్టు వైపు ఒకసారి చూశారు. ఫోను అక్కడే ఉంది. నియమం నియమమే. "అవునమ్మా, తప్పకుండా" అన్నారు గట్టిగా.

"మీరేమంటారు బాబూ?"

భర్త ఫోనును చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "అవునండీ... అంటే కాదండీ... అంటే ఇక్కడ చెప్పకూడదండీ" అన్నాడు.

"అమ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి స్నానాల గదిలోకి రండి!" అంటూ కోడలు ఇంటావిడ చెయ్యి పట్టుకుని లాగింది. ఏం జరుగుతుందోనని అత్తగారు పిల్లను చంకనేసుకుని వెంటబడ్డారు. ఆడవాళ్ళను ఒంటరిగా వదలకూడదని భర్త, చూడవలసిన వాటాలో అదీ ఒక భాగమే కనక ఫోన్లతను కూడా లోపలికి దూరారు. రెండు బకెట్లు, ఒక స్టూలు ఉన్న ఆ గదిలో ఐదుగురు పెద్దవాళ్ళు, ఒక పసిపిల్ల. కోడలు కుళాయి విప్పింది.

"మీ గురించి మేమన్నవన్నీ అబద్ధాలండీ. ఫోనుకి చెప్పాం."

"ఫోనులో ఎవరికి?" అన్నారు ఇంటావిడ.

"ఎవరికీ కాదండీ. ఫోనుకే."

ఇంటావిడ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "నిద్ర ఉండటం లేదా అమ్మాయ్?"

"లేదండీ, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు! మనం మాట్లాడేవన్నీ ఫోను వింటోంది. మా పిల్లకి పళ్ళు రాలేదని కూడా దానికి తెలిసిపోయింది!"

"ఏదీ, ఒకసారి చూపించండమ్మా" అన్నాడు ఫోన్లతను. భర్త వెళ్ళి ఫోను తెచ్చి ఇచ్చాడు. అతను దాన్ని తిరగేసి, అడుగున ఉన్న చిన్న రంధ్రం వైపు కళ్ళు చికిలించి చూశాడు. సంచీలోంచి సూది తీసి పొడిచాడు. గట్టిపడిన బిస్కెట్టు ముద్ద ఊడిపడింది.

"మైకు మూసుకుపోయి నెలలైందమ్మా. చెవి దగ్గర పెట్టి అరిచినా దీనికి వినపడదు. ఇన్నాళ్ళూ ఫోన్లెలా మాట్లాడారు?"

"చంకలో పిల్ల ఉంటుంది కదా, చెవికి తీగ తగిలించుకుని దాంట్లోనే మాట్లాడతాను" అంది కోడలు. పిల్ల వైపు చూసింది. పిల్ల చేతిలో సగం బిస్కెట్టు ఉంది.

"మరి పళ్ళ సంగతి దానికెలా తెలిసింది?" అన్నాడు భర్త.

ఫోన్లతను తెర మీద వేలితో జరుపుతూ పోయాడు. పోయిన కొద్దీ అతని కనుబొమలు పైకి లేచాయి. "ఫోటోలకి అనుమతి, నంబర్లకి అనుమతి, ఎక్కడున్నారో చూడ్డానికి అనుమతి... టార్చిలైటుక్కూడా మీ చుట్టాల నంబర్లన్నీ ఇచ్చేశారేంటమ్మా? ఇదేంటి, 'మీ కుటుంబం ఎంత సుఖంగా ఉంది', ముప్ఫై ప్రశ్నలు. ఎవరు రాశారిదంతా?"

అందరూ అత్తగారి వైపు తిరిగారు.

"మధ్యాహ్నం మీరంతా పనుల్లో ఉంటే నాతో మాట్లాడేది అదొక్కటే" అన్నారు ఆవిడ. "అనుమతిస్తారా అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. మొహం మీద వద్దంటే ఏం బావుంటుంది? పిల్ల ఎలా ఉంది, పళ్ళొచ్చాయా అంది. ఉన్నమాట చెప్పాను. వంటింట్లో ఆడమన్నారని ఆడాను గానీ, రాసేచోట నేను అబద్ధం రాయను."

కోడలు స్టూలు మీద కూలబడింది. టులెట్ బోర్డు గేటుకే ఉంది. ఇంటావిడ మొహం ఇంకా విచ్చుకోలేదు.

"ఇరవై ఎనిమిదో ప్రశ్న వినండమ్మా" అన్నాడు ఫోన్లతను నీరసంగా. ఆ వాటా తనకు దక్కదని అతనికి అప్పటికే అర్థమైనట్టుంది. "'మీ ఇంటి యజమాని ఎలాంటివారు?' దానికి ఈవిడ రాసింది, 'బంగారం. మా పిల్ల ఏడిస్తే విసుక్కోని మనిషి ఈవిడొక్కతే. ఈ ఇంట్లోంచి మమ్మల్ని కదిలించొద్దని చెప్పండి.'"

ఇంటావిడ ఫోను చేతిలోకి తీసుకుని, ఆ ముక్క తనే రెండుసార్లు చదువుకున్నారు. కళ్ళు తుడుచుకున్నారు. "బాబూ, బోర్డు విప్పేయ్" అని భర్తతో అన్నారు. అంతలోనే ఏదో తట్టి ఆగారు.

"ఈ అనుమతుల్లో నా నంబరు కూడా ఇచ్చారా?"

"అందరిదీ ఇచ్చానమ్మా. మిమ్మల్ని ఒక్కరినే వదిలేస్తే బావుండదు కదా."

"అదన్నమాట! పరుపులు కావాలా, నీళ్ళ ఫిల్టరు కావాలా, మోకాళ్ళ నొప్పులకి బెల్టు కావాలా అని నెల రోజులుగా పొద్దస్తమానం ఫోన్లు! పెద్దమ్మగారూ, మీరు ఈ ఇంట్లో ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండండి. కానీ ఇకమీదట అది ఏమడిగినా వద్దనండి. ఒట్టేయండి."

అత్తగారు పిల్ల తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. ఫోన్లతను అనుమతులన్నీ ఒక్కొక్కటే తీసేసి, "మైకు కూడా బాగయింది. ఇప్పుడైతే బ్రహ్మాండంగా వినపడుతుంది" అని గర్వంగా చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత చాలాసేపు ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు.

మధ్యాహ్నం కోడలు ఎట్టకేలకు పిల్ల పక్కన నడుం వాల్చింది. వంటింట్లో ఫోను మళ్ళీ అనుమతి అడిగింది. అత్తగారు ఒట్టు గుర్తుతెచ్చుకుని, జీవితంలో మొదటిసారి 'వద్దు' మీద వేలు పెట్టారు. 'నిజంగానే వద్దా?' అని ఫోను ఇంకోసారి అడిగింది. అంతగా బతిమాలుతుంటే ఆవిడ కాదనలేకపోయారు.