రెండో తరగతికి వైరల్

ఆ ఉదయం రెండో తరగతి టీచరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. దానికి కావలసిన సరంజామా ఒక్క ఎర్ర సుద్దముక్క. ఫోన్లో పెట్టిన ఫోటో ఒకరి నుంచి ఒకరికి ఎలా అంటుకుపోతుందో పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపించాలి. అందుకోసం ఒక చేతిరాత పీరియడు ఇమ్మని హెడ్మిస్ట్రెస్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది.

"ఏడేళ్ల పిల్లలకి సోషల్ మీడియా పాఠమేంటమ్మా! సరే, ఈ ఒక్కసారి చూద్దాం. ఏ కాస్త గొడవ వచ్చినా మళ్లీ చేతిరాతే," అందావిడ.

టీచరు పట్టుదలకు కారణం ముందు బెంచీలో కూర్చునే, అందరూ ఉడుత అని పిలిచే పిల్ల. ముందుపన్ను ఊడి ఆ పిల్ల ఏడుస్తుంటే, వాళ్ల నాన్న ముచ్చటపడి వీడియో తీసి ఫోన్లో పెట్టాడు. చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ, ఆఖరికి పాలవాడూ చూసి నవ్వారు. అప్పట్నుంచి ఉడుత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. కొత్త పన్ను వచ్చేసింది గాని, చెయ్యి దిగలేదు.

ఆ పీరియడులో టీచరు ఎర్ర సుద్ద గీకి, ఆ పొడి ఉడుత అరచేతికి పూసింది.

"ఇది నీ ఫోటో అనుకో. పక్కవాళ్లకి షేక్‌హ్యాండ్ ఇవ్వు. వాళ్లు ఇంకొకళ్లకి ఇస్తారు."

పాఠం బ్రహ్మాండంగా పండింది. గంట కొట్టేసరికి ఎరుపు చేతులు దాటి బుగ్గలకీ, ముక్కులకీ, ఒకడి చెవి వెనక్కీ చేరింది.

"దీన్నే వైరల్ అవడం అంటారు. ఫోటో పెట్టేముందు వాళ్లని అడగాలి. విన్నది నిజమో కాదో చూసుకున్నాకే ఇంకొకళ్లకి చెప్పాలి. తెలిసిందా?"

"తెలిసింది టీచర్!"

"చేతులు కడుక్కోండర్రా" అనేలోపు గది ఖాళీ అయిపోయింది. చిన్న తరగతులకు మధ్యాహ్నం దాకానే బడి.

గేటు దగ్గర ఒక తల్లి కొడుకు మొహం చూసి హడలిపోయింది. "ఏంట్రా ఈ మచ్చలు?"

"వైరల్ మమ్మీ! టీచర్ దగ్గర్నుంచి ఉడుతకొచ్చింది, ఉడుత నుంచి మా అందరికీ అంటుకుంది," అన్నాడు వాడు గర్వంగా. పాఠం అంత బాగా ఒంటబట్టింది.

ఆవిడ వాడి మొహం ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేసింది. వాణ్ని అడగలేదు. కింద "రెండో తరగతిలో వైరల్. ఎర్ర మచ్చలు. ఎవరూ ముట్టుకోకండి" అని రాసింది. ముట్టుకుని ఉంటే వేలికి సుద్ద అంటి, కథ అక్కడే తేలిపోయేది. ముట్టుకోవద్దన్నారు కనక ఎవరూ ముట్టుకోలేదు. మెసేజ్ గ్రూపు దాటేసరికి వైరల్‌కు జ్వరం తోడైంది, జ్వరానికి ఆయాసం తోడైంది, ఆయాసం టీచర్ని తీసుకెళ్లి ఆస్పత్రిలో చేర్చింది.

టీచరు స్టాఫ్‌రూములో భోజనం డబ్బా మూత తీస్తుండగా భర్త ఫోను.

"ఏ వార్డోయ్?"

"ఏం వార్డండీ?"

"నిన్ను ఆస్పత్రిలో చేర్చారటగా! మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఊపిరాడట్లేదట, నువ్వు మాట్లాడకు."

"నేను మాట్లాడకపోతే, బానే ఉన్నానని మీకెవరు చెప్తారు?"

"నీరసంలో అలాగే అనిపిస్తుంది. పెద్దమ్మావాళ్లకి చెప్పేశాను, బయల్దేరారు."

ఇంతలో గేటు దగ్గర కేకలు. తల్లిదండ్రులు మొహాలకు గుడ్డలు కట్టుకుని, పిల్లల్ని బారెడు దూరంలో నిలబెట్టి, బడిని నిలదీస్తున్నారు. హెడ్మిస్ట్రెస్ టీచరు వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపులో చేతిరాత కాపీపుస్తకం గీతలతో సహా కనబడింది.

అప్పుడొచ్చాడు ఉడుత నాన్న. మొహానికి గుడ్డ లేదు. కూతుర్ని ఎత్తుకుని, బుగ్గకు బుగ్గ ఆనించి పరుగెత్తుకొస్తుంటే జనం రెండుపాయలుగా చీలి దారిచ్చారు.

"ముట్టుకోవద్దన్న మెసేజ్ చూళ్లేదా అన్నయ్యా?" అని ఎవరో అరిచారు.

"చూశానమ్మా. ముట్టుకోకుండా పిల్లనెలా ఎత్తుకోవాలో అందులో రాయలేదు. టీచరుగారేరీ? ఇదేం జబ్బో చెప్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

అతని బుగ్గ కూడా అప్పటికే ఎర్రబడింది. టీచరు రుమాలు తడిపి ఒక్క తుడుపు తుడిచింది. జబ్బంతా రుమాలుకొచ్చేసింది.

"సుద్దపొడండీ," అంది.

గేటు దగ్గర గుడ్డలు ఒక్కొక్కటీ కిందికి దిగాయి.

"నాన్నా, నా పన్ను వీడియో కూడా ఇలాగే అందరికీ అంటుకుంది," అంది ఉడుత, చెయ్యి అడ్డం పెట్టుకునే. "అది తుడిచినా పోలేదు."

అతను ఫోను తీసి కూతురికిచ్చాడు. "నువ్వే తీసెయ్ తల్లీ. నిన్ను అడగాల్సింది. అడగలేదు."

ఆ పెద్ద ఫోను పట్టుకోవడానికి ఉడుతకు రెండు చేతులూ కావాల్సొచ్చాయి. వీడియో పోయింది. ఉడుత నవ్వింది. కొత్త పన్ను పక్కవాటికంటే కాస్త పెద్దది, చాలా బాగుంది. గేటు దగ్గర ఒకావిడ అలవాటుగా ఫోను పైకెత్తి, కొడుకు వంక చూసి దించేసింది.

హెడ్మిస్ట్రెస్ గొంతు సవరించుకుంది. "వచ్చే వారం కూడా ఈ పీరియడు ఉంటుందమ్మా. సుద్ద మాత్రం తెల్లది వాడు."

"అది సుద్దపొడి" అని హెడ్మిస్ట్రెస్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌ని ఎవరూ ఎవరికీ పంపలేదు. సాయంత్రం టీచరు ఇల్లు చేరేసరికి ముందుగది నిండా చుట్టాలు. భర్త ఎదురొచ్చి గుసగుసలాడాడు. "నిజం చెప్తే ఒక్కరూ నమ్మలేదోయ్. ఇందాకే డిశ్చార్జి అయ్యావని చెప్పేశాను. కాస్సేపు పడుకో."

వాళ్లు తెచ్చిన కమలాపళ్లు మాత్రం నిజమైనవే.