కుడివైపు తిరగని చిక్కుడు

చిక్కుడు తీగ ఇకమీదట కుడివైపుకే తిరిగి పైకి పాకవలెనని ఆ మూడంతస్తుల భవనంలోని నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం నకలు ఒకటి గేటుకి అంటించారు. రెండోది పుల్లకు గుచ్చి తీగ మొదట్లో పాతారు. తెలియదని రేపు అది బుకాయించకూడదు కదా.

ఈ చట్టానికి మూలపురుషుడు సంఘం అధ్యక్షుడు డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన బడి మైదానంలో పిల్లల్ని ఎండలో నిలబెట్టి కుడివైపు తిప్పాడు. రిటైరయ్యాక తిప్పడానికి ఎవరూ దొరక్క మనిషి సగమైపోయాడు. ఇంట్లో భార్యని తిప్పబోతే ఆవిడ గరిటె తిప్పింది. అంతలో సంఘం ఎన్నికలొచ్చాయి. "నన్ను గెలిపిస్తే ఇంటింటికీ చిక్కుడుకాయ!" అని మాటిచ్చి కుర్చీ ఎక్కేశాడు. అది ప్లాస్టిక్ కుర్చీ. ఒక కాలు విరిగితే ఇటుక పెట్టారు. అయితేనేం, కుర్చీ కుర్చీయే. అందులో కూర్చున్న రోజునుంచే ఆయనకి మళ్ళీ ఆకలేసింది, నిద్రపట్టింది. వచ్చే ఎన్నికల్లో అది పోతే తను పోయినట్టేనని ఆయనకి బాగా తెలుసు.

ఆ భవనానికీ ప్రహరీకీ మధ్య, స్కూటర్లు పెట్టే చోటు పక్కన, ఒక మంచం పట్టేంత మట్టి ఉంది. అన్నాళ్ళూ అక్కడ విరిగిన బకెట్లు కాపురముండేవి. "చోటు చిన్నదైతే ఏం? పైకి పోదాం! ఆకాశానికి అద్దె లేదు!" అని మాస్టారు ఉపన్యసించాడు. జనం చప్పట్లు కొట్టారు. డాబా మీంచి ఇంటికొక తాడు వేలాడదీశారు, తాడుకింద విత్తనాలు పెట్టారు. మొలకలొచ్చాయి. తీగలు సాగి తాళ్ళు పట్టుకున్నాయి.

పట్టుకున్నాయి గానీ, ఒక్కటీ తప్పకుండా ఎడమవైపే తిరిగాయి.

మాస్టారు మొదట నమ్మలేదు. తీగ పోయినట్టే తనూ తాడు చుట్టూ నడిచి చూశాడు. ఎడమకి, మళ్ళీ ఎడమకి, మళ్ళీ ఎడమకి. కళ్ళు తిరిగి ఎవరిదో స్కూటరు మీద పడ్డాడు. లేచి వాచ్‌మన్‌ని నిలదీశాడు.

"ఎవడు నేర్పాడ్రా వీటికిది?"

"నేను నీళ్ళే పోశాను సార్. దాని పుట్టుకే అంతేమో."

"పుట్టుకట! క్రమశిక్షణ లేని ప్రతివాడూ చెప్పేది అదే!"

అత్యవసర సమావేశం పెట్టారు. మాస్టారు మెడలో ఈల వేసుకుని మరీ వచ్చాడు. "సోదరులారా, సోదరీమణులారా! ఇవాళ తీగ ఎడమకి తిరిగింది. ఊరుకుంటే రేపు మెట్లు ఎడమకి తిరుగుతాయి. ఎల్లుండి మన పిల్లలు తిరుగుతారు!"

"మన మెట్లు ఇప్పుడు కూడా ఎడమకే కదండీ తిరిగేది," అన్నారెవరో వెనకనుంచి.

అది చర్చనీయాంశం కాదని తోసిపుచ్చి ఓటింగు పెట్టారు. ఇంటికొక చెయ్యి. ఒకాయన పక్కవాడు ఎత్తాడని ఎత్తాడు. పక్కవాడు, ఎత్తకపోతే మీటింగు ఇంకా సాగుతుందని ఎత్తాడు. మాస్టారి కుర్చీ మీద ఎప్పటినుంచో కన్నేసిన చెప్పుల షాపాయన అందరికంటే పైకెత్తాడు. మునిగేవాణ్ణి తొందరగా మునగనిద్దామని ఆయన సదుద్దేశం.

అమలు మొదలైంది. పొద్దున్నే ఈల. కుటుంబాలు కిందికి దిగి, ఎవరి తీగని వాళ్ళు విప్పి, కుడివైపు చుట్టి, దారంతో కట్టి, పళ్ళు తోముకోడానికి వెళ్ళేవారు. మర్నాటికి తీగ మెడ విడిపించుకుని మళ్ళీ ఎడమకే చూస్తుండేది. పళ్ళ డాక్టరు ముందుకొచ్చి, వంకర పళ్ళకి వేసే తీగలు చిక్కుడు తీగలకి వేశాడు. "మొదట్లో కాస్త నొప్పిగా ఉంటుంది, అన్నం మెత్తగా పెట్టండి," అని అలవాటుకొద్దీ చెప్పాడు కూడా. కొన్ని తీగలు పుటుక్కున తెగాయి. వాటి త్యాగాన్ని సంఘం కొనియాడింది. పూత రాలింది. క్రమశిక్షణకి అది శుభసూచకమని మాస్టారు ప్రకటించాడు. మీ తీగ నిన్న సాయంత్రం ఎడమకి ఒరగడం మేము కళ్ళారా చూశామని ఇరుగుపొరుగు ఒకరిమీద ఒకరు ఫిర్యాదులు చేసుకున్నారు. భవనంలో ఇంత చైతన్యం మునుపెన్నడూ లేదు.

ఇదిలా ఉండగా మాస్టారి ఇంట్లో రోజూ చిక్కుడుకాయ కూరే.

"కాయ ఎంత లేతగా ఉందే! ఎక్కడిది?" అన్నాడు మాస్టారు వేళ్ళు నాకుతూ.

"బజారుది," అంది భార్య.

"చూశావా! ఎవడో బుద్ధిమంతుడు కుడికి తిప్పి పెంచి ఉంటాడు. రుచిలోనే తెలిసిపోతోంది."

"అవునవును. తినండి."

ఒకరోజు వెనకవైపు పైపు కారుతోందంటే మాస్టారు చూడబోయాడు. చూసి బిక్కచచ్చిపోయాడు. విరిగిన బకెట్లోంచి ఒక చిక్కుడు తీగ లేచి, పైపుని ఎడమకి చుట్టేస్తూ, అన్ని వంటింటి కిటికీల ముందునుంచీ డాబాదాకా పాకింది. గుత్తులు గుత్తులుగా కాయలు. కింద ఆయన భార్య ఒళ్ళోకి కోసుకుంటోంది. పైన రెండంతస్తుల కిటికీల్లోంచి రెండు చేతులు ఒకే గుత్తిని పట్టుకున్నాయి.

"బట్టల క్లిప్పు పడిపోతే వెతుకుతున్నా వదినా."

"నాదీ క్లిప్పే వదినా."

రెండు గుప్పిళ్ళూ నిండుగా లోపలికెళ్ళాయి.

"ఏమిటే ఇది?" అన్నాడు మాస్టారు.

"నిన్న మారు వడ్డించుకున్నారే, అది. విత్తనాలు మిగిలితే బకెట్లో పడేశాను. దాని మానాన అది పెరిగింది. పీకెయ్యమంటారా?"

మాస్టారికి నోట్లో నీళ్ళూరాయి. కళ్ళల్లోనూ ఊరాయి. "ఎన్నికలయ్యేదాకా నేనిటు రాలేదు, నువ్వు నాకు కనబడలేదు," అని, కుడివైపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఎన్నికల సమావేశం వచ్చింది. ముందువైపు తాళ్ళకి ఆకన్నది లేదు. బోసిగా, నిటారుగా వేలాడుతున్నాయి. మాస్టారు వాటికేసి చెయ్యి చాచాడు. "చూడండి! ఎడమకి తిరిగిన తీగ ఒక్కటంటే ఒక్కటైనా ఉందా?"

నిజంగానే లేదు. చప్పట్లు మారుమోగాయి.

అప్పుడు చెప్పుల షాపాయన లేచాడు. "అధ్యక్షా! వెనక పైపు మీద ఒక తీగ బాహాటంగా ఎడమకి తిరుగుతోందట. ఎవరిదో నాకు తెలీదు. రూలు అందరికీ ఒకటేనా, పెద్దవాళ్ళకి వేరా?" ఆ మధ్యాహ్నం ఆయన క్యారేజీలోనూ ఆ తీగ కాయలే ఉన్నాయి. అది వేరే సంగతి.

మాస్టారు భార్యకేసి చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కింద ఇటుక కదిలి కుర్చీ ఒరిగింది. పడబోయి, రెండు చేతులా కుర్చీని పట్టుకున్నాడు.

"రూలు రూలే! ఆ తీగని నరికెయ్యాలనేవాళ్ళు చేతులెత్తండి!" అని అందరికంటే ముందు తనే ఎత్తాడు.

అన్ని చేతులూ లేచాయి. క్లిప్పులు వెతికిన వదినలిద్దరూ మీ ఆయన ఎత్తాడా అంటే మీ ఆయన ఎత్తాడా అని ఒకరినొకరు చూసుకున్నారు. మాస్టారి భార్య ఎత్తలేదు. ఆ ఇంటి చెయ్యి అప్పటికే లేచింది కాబట్టి ఆవిడది లెక్కలోకి రాదు. వాచ్‌మన్ కత్తి తెచ్చాడు. చెప్పుల షాపాయన ఎత్తు చిత్తయింది. మాస్టారు మళ్ళీ ఏకగ్రీవం. ఇటుక మార్చి కొత్త ఇటుక పెట్టారు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఉత్త అన్నం.

"కూరేదే?"

"ముందువైపు మీ తాళ్ళున్నాయిగా," అంది భార్య. "కోసుకు రండి."

ఆ వారమంతా సంఘానికి ఒకటే ఫిర్యాదులు. ఇదివరకు చిక్కుడుకాయలు దొరికేవి, ఇప్పుడు దొరకడం లేదు, సంఘం ఏం చేస్తున్నట్టు? కారణాలు కనుక్కోడానికి ఒక కమిటీ వేశారు. చేతులెత్తే వేశారు.

మీరు నవ్వుకుంటున్నారు. నవ్వుకోండి, ఎవరొద్దన్నారు. ఆ పైపు మీద కాయ కోసింది కుడిచెయ్యే, కలుపుకు తిన్నది కుడిచెయ్యే, నరికెయ్యమని లేచిందీ అదే. ఇప్పుడీ పేజీ తిప్పబోతున్న మీ చెయ్యి ఏదో ఒకసారి చూసుకోండి.