కడగకూడని మురికి

ఆ ఉదయం మెరుపుల సారు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. ఆయన తయారుచేసిన యంత్రాన్ని పరీక్షించడానికి పదింటికి ల్యాబుకు అధికారి వస్తాడు. అద్దకం మిల్లు నుంచి తెచ్చిన నీలం నీళ్ళను యంత్రం తొట్టిలో పోసి మీట నొక్కాలి, అంతే. నీళ్ళలో కరెంటు మెరుపులు చిటపటలాడి, పావుగంటలో రంగంతా విరిగి నీళ్ళు తేటపడతాయి. ఆ మెరుపులను దారికి తెచ్చుకోవడానికి ఆయనకు మూడేళ్ళు పట్టింది. పేరు కూడా వాటి వల్లే వచ్చింది. అధికారి ఒప్పుకుంటే యంత్రం మిల్లుకు వెళుతుంది, లేకపోతే పాత సామాన్ల గదికి.

తొమ్మిదిన్నరకు వచ్చి చూస్తే నీలం నీళ్ళ బకెట్టు తళతళలాడుతోంది. సింకు పక్కన మురికిగా కనబడిన దేన్నీ కడగకుండా వదలకపోవడం ల్యాబు ఆయమ్మకు పదేళ్ళ అలవాటు.

"పెద్దాయన వస్తున్నారన్నారు కద సార్. ఆ కంపు నీళ్ళు పారబోసి, శుభ్రంగా తోమి, మంచినీళ్ళు పట్టి పెట్టా," అంది సంతోషంగా.

ఆ ముఖం చూశాక సారుకు తిట్టడానికి నోరు రాలేదు. మిల్లుకు ఫోను చేస్తే ఇవాళ సెలవట. సరే, చిక్కటి రంగు సీసా ఒకటి అలమారలో ఉంది కదా, అదే కలుపుదామని తీస్తే మూత బిగుసుకుపోయింది. ఆయమ్మ సీసా పట్టుకుంది, సారు మూత పట్టుకున్నాడు. సరిగ్గా మూత ఊడే వేళకే, పది నిమిషాల ముందుగా, అధికారి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. రంగు చిమ్మి ఆయన తెల్లచొక్కా మెడ నుంచి నడుము దాకా నీలమైపోయింది.

ఆరకముందే జాడించాలంటూ ఆయమ్మ ఆయన చేత చొక్కా విప్పించి, ఆ బకెట్టులోనే ముంచి తీసింది. సారు ఆయనకు తన కోటు తొడిగితే పొట్ట దగ్గర బొత్తాలు పట్టలేదు. మూడేళ్ళ కష్టమూ నీళ్ళపాలైందని సారుకు ఏడుపొక్కటే తక్కువ.

అధికారి నీలంగా మారిన బకెట్టు వంక చూసి, ఆ నీళ్ళే తొట్టిలో పొయ్యమన్నాడు. సారు మీట నొక్కాడు. మెరుపులు చిటపటలాడాయి. నీలం పలచబడి, పావుగంటకు నీళ్ళు తేటపడ్డాయి.

"ముందే కలిపి పెట్టిన నీళ్ళు చూపిస్తే నేను నమ్మనండీ," అన్నాడు అధికారి కాగితం మీద సంతకం పెడుతూ. "ఈ మురికి నా ఒంటి మీదే పుట్టింది."

సారుకు ఆనందంతో కాళ్ళు నేల మీద ఆగలేదు. చొక్కా రంగు మాత్రం వదల్లేదు. దాన్ని కూడా ఒకసారి ఆ మెరుపుల్లో వేద్దామా అని ఆయమ్మ అడిగేసరికి, అధికారి కోటుతోనే వెళ్ళిపోయాడు.