కీచుమనే కీలు

ఆ శనివారం పొద్దున నెస్టా వేసుకున్న పథకంలో గొర్రెల ప్రసక్తే లేదు. రెండు సైకిళ్లు, ఇద్దరు మనుషులు, ఒక కొండ. తొమ్మిదింటికి వ్యాను పైకి వెళ్లాలి, పదికల్లా ఇద్దరూ కిందికి దిగాలి, ఒంటిగంటకు కంపెనీ ఆయన ఫోన్ చేసినప్పుడు ఏ రకం కావాలో చెప్పేయాలి. అంతే.

వేల్స్‌లో ఆ కొండ కింద నెస్టాది అద్దె సైకిళ్ల దుకాణం. రాళ్ల మీంచీ, చెట్ల వేళ్ల మీంచీ దూకుతూ కొండ దిగడానికి తప్ప మరెందుకూ పనికిరాని బరువైన సైకిళ్లు అవి. కిందటేడు తెచ్చినవి ఆగస్టు దాటకుండానే వెనక ఫ్రేములు పగిలి మూలన పడ్డాయి. వచ్చేవాళ్లంతా కొండ అవతలి దుకాణానికి మళ్లారు. ఈసారి తెచ్చే పదీ మన్నకపోతే తలుపులు మూసుకోవడమే.

చూసుకోమని కంపెనీ వారం క్రితం రెండు రకాలు పంపింది. ఒకదాంట్లో వెనక చక్రాన్ని మోసేది ఒకే ఒక్క కీలు, లావుపాటి ఉక్కు స్ప్రింగు. రెండోదాంట్లో నాలుగు కడ్డీలు, ఎనిమిది బేరింగులు, గాలితో పనిచేసే షాక్ అబ్జార్బర్. నెస్టా అన్నయ్య ఇడ్వాల్ మొదటిదాని భక్తుడు. మొగుడు ఎమ్లిన్ రెండోదాని వకీలు.

"విరగడానికి అందులో ఏముందని విరుగుతుంది? ఉన్నది ఒక్క కీలు!" అనేవాడు ఇడ్వాల్.

"మా వంటింటి తలుపుకి రెండున్నాయి బావా, అది ఇంకా గొప్పది. బ్రేకు వేస్తే నీ సైకిలు వెనకభాగం బిగుసుకుపోతుంది. రాయి రాయికీ నడుం విరుగుతుంది."

"మరి నీ ఎనిమిది బేరింగులూ? మన వానకీ బురదకీ నెలనెలా మార్చుకుంటూ కూర్చో."

రొట్టెకు వెన్న రాస్తున్నా ఇదే, గిన్నెలు తోముతున్నా ఇదే. ఏడు రోజులు విని నెస్టా చెవులు తూట్లు పడ్డాయి. ఎవరికి నచ్చింది వాళ్లకిస్తే పూలబుట్టలా మెల్లగా దింపుతారని, ఆమె సైకిళ్లు మార్చి ఇచ్చింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా. పోటీదారుడి సైకిలు చేతికొస్తే దాన్ని విరగ్గొట్టడానికే తొక్కుతారన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

పది కావస్తుండగా దుకాణం ముందు పదకొండుమంది కుర్రకారు హెల్మెట్లు పెట్టుకుని తరవాతి వ్యాను కోసం నిలబడ్డారు. పైన మంచులోంచి ఒక కూత వినిపించింది. కీచ్... కీచ్... కీచ్. తరవాత ఎనిమిది బేరింగుల సైకిలు మీద ఇడ్వాల్ కనిపించాడు, మొహం వెలిగిపోతూ.

"విన్నావా చెల్లీ? వారం తిరక్కుండానే ఎలా ఏడుస్తోందో! చెప్పానా లేదా?"

"అది సరే అన్నయ్యా. నీ వెనకాల ఏంటవి?"

ఇడ్వాల్ వెనక్కి తిరిగాడు. నలభై గొర్రెలు. ఒకదాని వెనక ఒకటి, బడికి పోతున్నంత బుద్ధిగా దిగొస్తున్నాయి.

"వెనక ఎమ్లిన్ వస్తాడు కదా అని దారిలో పొలం గేటు తీసే ఉంచాను," అన్నాడు ఇడ్వాల్ గొంతు తగ్గించి.

సైకిలు ఆగింది. గొర్రెలు ఆగలేదు. అవి దుకాణంలోకి వెళ్లి కుర్రాళ్ల సంచుల్లోని శాండ్‌విచ్‌లు, చేతి తొడుగులు, గోడ మీది కొండదారి పటం సగం తిన్నాయి. వాటి వెనకే ఎమ్లిన్ దిగాడు. ఒళ్లంతా బురద, ఒక మోకాలు చీరుకుపోయింది. ఒక్క కీలు సైకిలు మీద మాత్రం గీత కూడా లేదు.

"కనిపించిన ప్రతి రాయికీ గుద్దాను," అన్నాడు వింతగా దాన్నే చూస్తూ. అంతలో ఒక గొర్రె ఒరుసుకుని పక్కనున్న తన ముద్దుల సైకిలు కీచుమనడం చెవినపడింది. ఎవరూ చూడకుండా నూనె డబ్బా తెచ్చి, ఎనిమిది బేరింగులకూ పోసేశాడు.

అప్పుడే గొర్రెల యజమానురాలు మోర్ఫిద్ ముసలామె రొప్పుతూ వచ్చింది.

"ఏమే నెస్టా, నా దాణా బండి ఎవడు ఎత్తుకొచ్చాడు?"

"ఇక్కడ మీ బండేమీ లేదు పెద్దమ్మా."

"లేకపోవడమేంటి? దాని కూత ఊరంతా వినిపించింది. ఆ కూత వింటేనే ఇవి కదులుతాయి. నా బండేమో పొద్దున చక్రం ఊడి పడుంది. ఆ కూత ఏదో మళ్లీ కూయించు, పైకి తోలుకుపోతాను."

నెస్టాకు ప్రాణం లేచొచ్చింది. అన్నయ్యని మళ్లీ ఆ కీచు సైకిలెక్కించింది. ఇడ్వాల్ నూట పది కిలోల మనిషి, సీటు మీద ఎగిరెగిరి కూర్చున్నాడు. చప్పుడు లేదు. గొర్రెలు తలెత్తి చూసి, మళ్లీ పటం నమలసాగాయి. నాలుగు గొర్రెలు రోడ్డు దాటి పోస్టాఫీసు వైపు నడిచాయి.

"నూనె పోసింది ఎవరు?" అంది నెస్టా.

ఎమ్లిన్ డబ్బా వెనక్కి దాచుకున్నాడు.

"కంగారుపడకు చెల్లీ," అన్నాడు ఇడ్వాల్. "నీళ్ల గొట్టం వేగం పెంచి, పక్కనుంచి సరిగ్గా ఈ సందులోకి కొడితే లోపలున్న నూనె, గ్రీజు అంతా కొట్టుకుపోతుంది. రెండో బేరింగు ముందు కూస్తుంది."

"నీకెలా తెలుసు?"

ఇడ్వాల్ ఆకాశంలోకి చూశాడు.

"ఒరేయ్ బావా!" అన్నాడు ఎమ్లిన్. "వారం నుంచీ పొద్దున్నే సైకిళ్లు కడుగుతున్నావంటే ఎంత బుద్ధిమంతుడివో అనుకున్నాను కదరా!"

"తిట్లు తరవాత. ముందు గొట్టం పట్టుకో," అంది నెస్టా పళ్లు నూరుతూ.

అరగంట కడిగితే గానీ కూత రాలేదు. కొండ దిగడానికి చేసిన సైకిలు కొండెక్కడం మొదలుపెట్టింది. ఇడ్వాల్ పైన కూర్చుని ఎగరడం, ఎమ్లిన్ వెనకనుంచి తోయడం, దాని వెనక ముప్పై తొమ్మిది గొర్రెలు, ఆ వెనక కర్ర పట్టుకుని మోర్ఫిద్. పోస్టాఫీసు నుంచి ఈడ్చుకొచ్చిన చివరి గొర్రెను చంకలో పెట్టుకుని నెస్టా. వాన మొదలైంది. పదకొండుమందీ డబ్బు వెనక్కి అడగడం కూడా మర్చిపోయి వీడియోలు తీశారు.

గేటు మూసి దిగేసరికి ఒంటిగంటకు ఐదు నిమిషాలుంది. దారంతా ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని సైకిలును నడిపించుకొచ్చారు. చివరికి గొడవ తీరిందని నెస్టా అనుకుంటుండగానే ఎమ్లిన్ గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి ఒప్పుకోవాలి బావా. అన్ని రాళ్లకు గుద్దినా ఆ ఒక్క కీలుది చలించలేదు. మనకు అదే కావాలి."

"నీకు మతిపోయిందా?" అన్నాడు ఇడ్వాల్. "వారంపాటు గొట్టంతో కొట్టాను, కొండెక్కించి నూట పది కిలోలతో ఎగిరాను. కూసిందే తప్ప విరిగిందా? పైగా దిగుతుంటే పరుపు మీద పడుకున్నట్టుంది. ఎనిమిది బేరింగులంటే ఊరికే పెట్టారా?"

"నెలనెలా మార్చేదెవడు?"

"నడుం విరిగితే మార్చేదెవడు?"

నెస్టా నడిరోడ్డు మీద నిలబడి, వానలో కళ్లు మూసుకుంది. దుకాణంలో ఫోన్ మోగుతోంది. పరుగున వెళ్లి ఎత్తింది.

"నమస్కారమండీ," అన్నాడు కంపెనీ ఆయన హుషారుగా. "రెండూ పరీక్షించారు కదా, ఏది ఎక్కువ కాలం మన్నుతుందని తేలింది?"

బయట అన్నయ్యా, మొగుడూ ఒకరి సైకిలును ఒకరు చూపిస్తూ అరుచుకుంటున్నారు. నెస్టా తలుపు మూసి వచ్చింది.

"ఒక్క కీలుదే పది పంపండి. పాడుచేయాలని చూసేవాళ్లకు అందులో ఒకటే సందు దొరుకుతుంది."