అతుకు మీద డ్రోన్

వేడెక్కే స్వేచ్ఛ ప్రతి కరెంటు తీగకూ ఉంది. వేడెక్కిందని చెప్పే అధికారం మాత్రం డ్రోన్‌ది. ఉష్ణ పరిశీలనా విభాగం ఈ మేరకు ఉత్తర్వు జారీ చేసిన నాటి నుంచి మనిషి కన్ను అనధికార పరికరమైంది. (కళ్లద్దాలు పెట్టుకున్నవారికీ మినహాయింపు లేదు.)

నార్కట్‌పల్లి అవతల ఒక పల్లెలో సోమమ్మ రెండు బర్రెల పాలతో బతుకుతోంది. ఎండాకాలమంతా వాటి మేత దొడ్లో ఉన్న గడ్డివామే. వాము మీదుగా పోయే తీగ అతుకు దగ్గర నిప్పురవ్వలు రాలుతుంటే లైన్‌మన్ భిక్షాన్ని పిలిచి చూపించింది.

"నాకు కనవడుతాంది అవ్వా. నేను సూస్తే చెల్లదు. డ్రోన్ సూడాలె."

"గదెప్పుడొస్తది?"

"జిల్లాకు ఒక్కటే ఉన్నది. గిప్పుడు సార్ల సన్మానాలకు ఫొటోలు తీస్తాంది."

సన్మానాలు ముగిశాక డ్రోన్ వచ్చింది, వెంట అధికారి కృష్ణకాంత్ వచ్చాడు. కరెంటున్న తీగ దగ్గర ఎగిరితే డ్రోన్‌కు ప్రమాదమని నియమం. అందుకని ముందు కరెంటు ఆపించారు. తీరిగ్గా టీ తాగారు. తర్వాత డ్రోన్ లేచింది. తెర మీద తీగ నీలంగా, నిర్దోషిలా కనిపించింది.

"కరెంటు బంద్ వెడితే తీగ సల్లగనే ఉంటది గద సారూ," అంది సోమమ్మ.

"సల్లగున్నదని ఆమెనే ఒప్పుకుంటాంది. రాస్కోండ్రి," అన్నాడు కృష్ణకాంత్.

వాళ్లు వెళ్లగానే సోమమ్మ గడ్డిని మోపులు కట్టి దూరంగా మోయసాగింది. సగమైనా కాలేదు. మర్నాడు పొద్దెక్కి ఊళ్లో బోర్లన్నీ నడుస్తున్న వేళ అతుకు తెగి, తీగ వాము మీద పడి గడ్డి అంటుకుంది. భిక్షం పరుగున పోయి కరెంటు ఆపేశాడు. (డ్రోన్ నిర్ధారణ లేకుండా ఆపినందుకు అతనికి మెమో అందింది.) సోమమ్మ బర్రెలను విప్పి తోలి, బిందెతో నీళ్లు మోసింది.

ఈసారి డ్రోన్ వెంటనే వచ్చింది. మంట మీద తిరిగి, తృప్తిగా వెళ్లిపోయింది.

బూడిద దగ్గర కూలబడి సోమమ్మ అడిగింది: "మోసిన మోపులు అయిపోతే బర్లకు ఏమెయ్యాలె భిక్షం?"

అతను బూడిదలో పడ్డ తీగను చుట్ట చుట్టసాగాడు.

కొన్నాళ్లకు నివేదిక వెలువడింది. పరిశీలన సమయంలో తీగ చల్లగానే ఉందని, మంట పక్కన మాత్రం అనుమతి లేని వేడి వస్తువు ఒకటి బిందెతో అటూ ఇటూ తిరుగుతోందని, దాన్ని తక్షణం అక్కడి నుంచి తొలగించాలని అందులో ఉంది.