అక్కగారి లేఖోద్ధరణము

పసుపుపచ్చని మై పూలు వాకిళ్లనెల్ల అలంకరింప, అగరుధూమము వీధులనెల్ల క్రమ్ముకొన, హ్యూ నగరమును రెండుగా చీల్చుకొని హువోంగ్ నది మందగమనయై ప్రవహింప, చాంద్రమాన నూతన సంవత్సరపు మూడవ దినమున, మధ్యాహ్నము రెండు గంటల వేళ, జగత్తంతయు చక్కెరపాకపు అల్లం ముక్కలు నములుచు కునుకునకు ఉపక్రమించు శుభసమయమున, ఒక్క ఇంట మాత్రము మహోపద్రవము సంభవించెను. అరువదియారేండ్ల దియెప్ అను గృహిణి కంప్యూటరునందలి ఉత్తరములన్నియు మటుమాయమైనట్లు బయటపడెను.

ఆ సంహారము గావించినది శత్రువు కాదు, ఆ తల్లియే. పాత యేటి దుమ్ము కొత్త యేటిలో అడుగిడరాదని పండుగకు ముందు ఇల్లు దులుపుట అచ్చటివారి ఆచారము. దియెప్ అటక దులిపెను, గచ్చు కడిగెను, పితృదేవతల పీఠము మీది ఇత్తడి సామాను అద్దమువలె తోమెను. అయినను చీపురుపట్టిన చేయి ఊరకుండక, గ్రంథాలయమువారు పెద్దలకు మూడు దినములు నేర్పిన విద్యను జ్ఞప్తికి దెచ్చుకొని, కంప్యూటరు ముందు కూర్చుండి, రెండువేల మూడువందల పదునారు ఉత్తరములను ఒక్క నొక్కుతో ఊడ్చివేసెను. పిదప హాయిగా టీ త్రాగెను.

అందొకటి, ఊడ్చు సంబరమున ఆమె మరచినది, అక్క లోవాన్ వ్రాసిన ఉత్తరము. న్యాట్రాంగులో నుండు ఈ అక్కయు దియెప్పును పదునొకండేండ్లుగా పలుకరించుకొనుట లేదు. తల్లి ఆబ్దికపు భోజనమున, బంధువులందరి యెదుట, చెల్లెలి ముల్లంగి ఊరగాయ ఉప్పుకషాయమని అక్క తీర్పు చెప్పుటయే అందుకు కారణము. ఎవరికిని తలవంచని అక్క తానై వ్రాసిన తొలి ఉత్తరమును ఎట్లుపడితే అట్లు తెరువరాదని, దియెప్ పంచాంగము చూపించి, మూడవ దినపు మధ్యాహ్నమును నిశ్చయించుకొని, అంతవరకు దానిని ముట్టనైన ముట్టలేదు. ఆ ముహూర్తమునకు స్నానమాడి, ఆవ్ జాయ్ అను పట్టు నిలువుటంగీ ధరించి, పెట్టె తెరచిచూడగా అది బోసిపోయి యుండెను. పాపము, ఆమె గోడ మీదుగా పొరుగింటికి కేక వేసెను.

అంతట పొరుగింటినుండి అరుదెంచెను ఖియెమ్; తంతికార్యాలయధురంధరుడు, ఏకత్రింశద్వర్షనిష్కళంకవార్తావహుడు, ఉద్యోగకాలమున ఒక్క తంతినైనను దారి తప్పనీయని డెబ్బదియొక్కేండ్ల వీరుడు. కంప్యూటరు విద్యయందు తాను దియెప్ కంటె బెత్తెడు మాత్రమే ముందున్నానను రహస్యము ఆయన ఇంతవరకు భార్యకు సైతము చెప్పలేదు. చెప్పులు గుమ్మమున విడిచి, కళ్లజోడు తుడిచి, రణరంగమున ఆసీనుడయ్యెను.

"ఏం నొక్కావు చెల్లెమ్మా?"

"అన్నీ నొక్కాను అన్నయ్యా. తుడవటం మొదలెట్టాక సగం తుడిచి సగం వదిలేస్తామా?"

 తుడిచిన ఉత్తరములు ముందు చెత్తబుట్టలో పడును. ఆ బుట్టను కూడ ఖాళీ చేసినచో ఇక ఆశ లేదు. గొంతు సవరించుకొని, బుట్ట పారబోసితివా యని అడిగెను. ఆమె ఆయనను పిచ్చివానిని చూచినట్లు చూచెను.

"పండగ మూడు రోజుల్లో ఎవరైనా చెత్త బయటపోస్తారా? ఇంటికొచ్చిన అదృష్టం దాంతోపాటే పోదూ? మొదటిరోజు పొద్దున్నే అడిగింది ఈ పెట్టె, చెత్తంతా పారేయమంటావా అని. వద్దని నొక్కాను. నిన్న మళ్లీ అడిగింది. నీకు ఆచారం లేకపోతే మాకుంది అని తిట్టి, మళ్లీ వద్దన్నాను."

ఖియెమునకు ఆ మౌసును ముద్దాడ బుద్ధిపుట్టెను. బుట్ట తెరువబోవునంతలో ఆమె ఆయన చేయి పట్టుకొనెను. పండుగనాడు చెత్త పారబోయరాదు సరే, చెత్తలో చేయి పెట్టవచ్చునా? ఎన్నడును వినని ధర్మసంకటము. అప్పుడా మహానుభావుడు, "ఓ గృహలక్ష్మీ! విను! నిర్గతమైనది దౌర్భాగ్యమగుగాక! పునరాగతమైనది సౌభాగ్యము కాక మరేమి? నేడు నీ గృహమునకు తిరిగివచ్చు ప్రతి యక్షరమును ఐశ్వర్యమే!" అని ఉద్ఘోషించెను. నోటితో అన్నది మాత్రము ఇది:

"బయటకు పోతేనే నష్టం. లోపలికి తెచ్చుకుంటే మంచిదేలే."

ఆమె చేయి వదలెను. తెర మీద శత్రుసేన బారులు తీరెను. చెప్పుల వర్తకులు, యాత్రల వర్తకులు, అప్పులిచ్చు దయామయులు, బట్టతలపై అడవులు మొలిపింతుమను నూనెవారు. నూనెవాడొక్కడే పదునెనిమిది మారులు అడ్డునిలిచెను. తన తల తడుముకొని ఖియెమ్ ఒక్కసారి మాత్రము చిత్తచాంచల్యమునకు లోనయ్యెను.

ఉత్తరము వచ్చిన తేది అడుగగా, వంటింటి దేవుడు ఇంటి సంగతులు విన్నవింప ఆకాశమునకు బయలుదేరు ఇరువదిమూడవ తిథికి ముందునాడని దియెప్ చెప్పెను. కంప్యూటరునకు వంటింటి దేవుడు తెలియడు. చాంద్రమానపు లెక్కయు ఇంగ్లీషు లెక్కయు రెండును గల గోడకాలెండరు ఏటి చివర చెత్తలో పోయెను. అది నిజమైన చెత్త. కనుక వీరుడు వ్రేళ్లు మడచుచు వెనుకకు లెక్కించెను. పోయిన నెల ఇరువదితొమ్మిది దినములదా ముప్పదిదా యని ఇరువురకును ఘోరవివాదము చెలరేగి, వంటింటి దేవుని సాగనంపినది ఏ వారమో తేలిన మీదట, ముప్పదియే యని దియెప్ నెగ్గెను. పదునొకండు దినములు వెనుకకు. పుట వెంట పుట పైకి జరుగుచుండగా, ఒక సంచుల వర్తకునికి నూనెవానికి నడుమ నలిగిపోవుచు కనబడెను, "చెల్లికి" అను మూడక్షరముల వరుస.

"ఆగు అన్నయ్యా. నేను తెరుస్తాను."

పట్టంగీ చేతులు పైకి మడచుకొని ఆమె నొక్కెను.

"మూడో రోజు రైల్లో వస్తున్నా. మూడున్నరకి స్టేషన్లో ఉండు. ఆనాడు నువ్వు ఉప్పు వేశాక, చూసుకోకుండా నేనూ వేశాను. తిన్నాక తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు."

దియెప్ రెండుమారులు చదివెను. ఆమెకు ఏడుపును కోపమును నవ్వును ఒక్కసారే వచ్చెను, ఏది ముందు కానీయవలెనో తెలియలేదు. గడియారము మూడుంబావు చూపుచుండెను.

అపుడు ఖియెముని స్కూటరు పొందిన వేగమును వర్ణింప నాకు మాటలు చాలవు. వంతెన మీద రెండు సైకిళ్లు మాత్రము దానిని దాటిపోయెను. స్టేషనులో రైలు అప్పుడే ఆగి, జనప్రవాహము నడుమ లోవాన్ సంచులతో నిలిచి యుండెను.

"నా ఉత్తరం చదివావా?" అని అక్క అడిగెను.

"వచ్చిన రోజే చదివాను" అని చెల్లెలు చెప్పెను. ఖియెమ్ పైకప్పునందలి దూలములను శ్రద్ధగా పరిశీలించెను.

"మరి పిలవలేదేం?"

"నువ్వు నోటితో చెబుతావని చూస్తున్నా. ఆ రోజు అందరి ముందూ అన్నావుగా, అందరి ముందే చెప్పు."

లోవాన్ చుట్టుప్రక్కల చూచెను. సంచులు క్రింద పెట్టెను. పిమ్మట, సిగ్నలు వేయువాడు సైతము తలద్రిప్పి చూచునంత గొంతుతో, "ఉప్పు నేనే వేశాను" అనెను.

కనుక, ఓ శ్రోతలారా, తెలిసికొనుడు: రెండువేల మూడువందల పదునారింటిలో ఒక్క ఉత్తరము జయింపబడెను, ఖియెముని కీర్తికి మచ్చ రాలేదు, దియెప్ ముల్లంగి ఊరగాయ సర్వదోషవిముక్తమని, నూతన సంవత్సరపు మూడవ దినమున, హ్యూ స్టేషను రెండవ ప్లాట్‌ఫారమున, ప్రయాణికులందరి సమక్షమున స్థాపింపబడెను.