ఏడో మీట

ఆయుధపూజ రోజు పొద్దున తొమ్మిదిలోగా పని ముగించాలని ఆదికేశవన్ అనుకున్నాడు. కోసపాళయం ఇంట్లో భోజనాల బల్ల మీద మూడు నెలలుగా ఒక పాత కన్సోల్ కూర్చుని ఉంది. పదహారు మైకుల శబ్దాన్ని కలిపి టేపుకు పంపే యంత్రం అది. ఒక్కో మైకుకు ఒక్కో మీట. పైకి జరిపితే శబ్దం పెరుగుతుంది. ఇరవై ఏళ్లు ఆయన దాని ముందు కూర్చుని రికార్డింగులు చేశాడు. స్టూడియో మూతపడ్డాక దాన్ని గోడౌన్‌లో ఎలుకలు చూసుకున్నాయి. ఇప్పుడు ఓనరు మనవరాలు యోగిత నటేశన్ నగర్‌లో కొత్త స్టూడియో పెడుతోంది. సాయంత్రం నాలుగింటికి వచ్చి వింటానంది. పదహారూ పలికితే కన్సోల్ అక్కడికి వెళ్తుంది, దాని ముందు కుర్చీ ఆదికేశవన్‌ది. పలకకపోతే కంప్యూటరు వస్తుంది, కుర్చీ నరేంద్రన్‌ది.

నరేంద్రన్ ఒకప్పుడు ఆయన అసిస్టెంటు. ఏడో మైకు చానల్‌ను కాల్చేశాడని ముప్పై ఏళ్ల కిందట ఆదికేశవనే అతన్ని పంపించేశాడు. ఇప్పుడు పదిహేను పలుకుతున్నాయి, ఏడోది గరగరమంటోంది. దాని లోపలి భాగాలు మూడుసార్లు మార్చాడు. కాలిన గుర్తు ఎక్కడా లేదు. అయినా కాల్చింది నరేంద్రన్ కాబట్టి నాలుగోసారి మార్చడానికి సిద్ధపడ్డాడు.

ఆయన ఐదింటికి లేచాడు. అక్క పట్టమ్మాళ్ నాలుగింటికే లేచింది. ఆదికేశవన్ భార్య చనిపోయాక నెలకు వచ్చిన మనిషి ఆమె. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు. స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్, మీటరు, పట్టకారు అన్నీ గంధం బొట్లతో పూజగదిలో పెళ్లివారిలా వరసగా ఉన్నాయి.

"అక్కా, నా సామాన్లు అక్కడ ఎందుకు పెట్టినావు?"

"ఇంకెక్కడ పెట్టాల? రేపు ఇంకో పూజ అయినంక ఎత్తుకో."

"సాయంత్రం ఆ పాప వస్తా ఉంది. ఒక్క స్క్రూడ్రైవర్ ఇయ్యి."

"ఏడాదంతా వాటి గొంతు పిసుకుతా ఉండావు గదా. ఒక దినం పండుకోనీ."

అడిగి తెద్దామని పక్కవీధికి వెళ్తే, ఎలక్ట్రీషియన్ ఎళిలరసన్ తన డ్రిల్లింగ్ మెషినుకు పూలమాల వేస్తున్నాడు. "రక్తం అడుగు అన్నా, ఇస్తా. స్క్రూడ్రైవర్ మాత్రం రేపు" అన్నాడు. సైకిల్ షాపులోనూ అదే మాట. ఊళ్లో ఒక్క మర విప్పే నాథుడు లేడు.

ఆదికేశవన్ ఇంటికి వచ్చి వంటింట్లో వెతికాడు. కూరగాయల కత్తికీ కుంకుమ ఉంది.

"అదీ ఆయుధమేరా. నేనే చిక్కుడుకాయలు చేత్తో తుంచినా."

"స్పూనో?"

పట్టమ్మాళ్ ఆలోచించింది. స్పూను గురించి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. "ఎత్తుకో" అంది.

స్పూను కాడతో పై మూత విప్పడానికి గంట పట్టింది. స్నానం చేయకుండా పూజకు రావద్దని అక్క అనడంతో ఆయన స్నానానికి వెళ్లాడు. ఇంట్లో ప్రతి వస్తువుకూ బొట్టు ఉంది, తమ్ముడి యంత్రానికి మాత్రం లేదు. పట్టమ్మాళ్‌కు జాలేసింది. గంధం ధారాళంగా కలిపింది.

"పదహారు మంది పేరంటాళ్లకు పెట్టినట్టు పెట్టినా. ఒక్కటీ విడవలే" అని చెప్పింది ఆయన తిరిగి రాగానే.

గంధం మీటల సందుల్లోకి దిగింది. పొద్దున చెడింది ఒకటి, ఇప్పుడు పదహారు.

 ఆదికేశవన్ దూదిని స్పిరిట్‌లో ముంచి తుడవసాగాడు. అంతలో పట్టమ్మాళ్ కర్పూరహారతి తెచ్చింది. ప్రతి పనిముట్టుకూ చూపాలి కదా.

"అక్కా, స్పిరిట్ ఉండాది, దగ్గరికి..."

నీలిమంట లేచింది. ముగ్గుకని పెట్టుకున్న బకెట్ నీళ్లు ఆమె ఒక్క చుక్క మిగలకుండా కుమ్మరించింది.

"ఆరిపోయింది" అంది.

"ఆరిపోయింది" అన్నాడు ఆదికేశవన్.

ఎళిలరసన్ వచ్చి మిద్దె మీదికి మోశాడు. మోయడానికి నిషేధం లేదు. కన్సోల్‌ను గోడకు ఏటవాలుగా ఎండలో నిలబెట్టారు.

నాలుగింటికి యోగిత వచ్చింది. వెనక నరేంద్రన్.

"వినేదానికి ఇంకో చెవి ఉంటే మంచిదని పిలుచుకొచ్చినా అంకుల్" అంది.

మిద్దె మీద ఏడో మీట సందులోంచి గోధుమరంగు పాకం కారి ఉంది. దాని చుట్టూ చీమలు. నరేంద్రన్ వంగి, వేలితో తీసి వాసన చూశాడు.

"పాత కాఫీ సార్. చక్కెర బాగా ఉండాది. ఈ దినం ఊళ్లో పని చేస్తా ఉండేది ఈ చీమలే."

"నువ్వు కాఫీ తాగుతావా అన్నా?" యోగిత నరేంద్రన్‌ను అడిగింది.

"నాకు చిన్నప్పటి నుంచీ పడదమ్మా."

ఎవరూ అడక్కపోయినా పట్టమ్మాళ్ చెప్పింది. "మా వాడికి మూడు స్పూన్లు ఏస్తేగాని గొంతు దిగదు."

ఆదికేశవన్ తూర్పున సముద్రం ఉన్న వైపు చూశాడు. అక్కడి నుంచి సముద్రం కనబడదు.

కన్సోల్‌ను కిందికి దించారు. పట్టమ్మాళ్ అడ్డం రాబోయింది. "స్విచ్ వేసేదానికి ఆయుధం వద్దు పెద్దమ్మా, వేలు చాలు" అని యోగితే వేసింది. మైకు పట్టుకుని ఒక్కో మీట జరుపుతూ మాట్లాడింది. గంధమూ పోయింది, పాకమూ పోయింది. ఏడోది అన్నిటికంటే శుభ్రంగా పలికింది.

మాట ప్రకారం కుర్చీ ఆదికేశవన్‌కు ఇచ్చింది. పక్కన ఇంకో కుర్చీ వేసి నరేంద్రన్‌ను కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్లుగా ఆదికేశవన్ నోట రావలసిన ఒక్క మాట కోసం నరేంద్రన్ నెల రోజులు చూశాడు. రాలేదు.

ఆదికేశవన్ కాఫీలో చక్కెర మాత్రం మానేశాడు. డాక్టరు వద్దన్నాడని అందరికీ చెబుతాడు.